ముందు సాక్ష్యం, తర్వాతే టాపిక్: తిరుపతిలో పీహెచ్‌డీకి అంశం ఎంచుకోవడం ఎలా

పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో పరిశోధన పద్ధతుల పేపరు చెప్పే తరగతికి రసాయనశాస్త్రం వాళ్ళు, తెలుగు వాళ్ళు, కామర్స్ వాళ్ళు, జంతుశాస్త్రం వాళ్ళు అందరూ ఒకే గదిలోకి వస్తారు. మొదటి రోజు అందరి ముఖాల్లోనూ ఒకే అనుమానం కనిపిస్తుంది: పక్క బెంచీలో కూర్చున్నవాళ్ళు చేసేది కూడా పరిశోధనేనా? తాళపత్రాలు చదివే అమ్మాయికి బీకర్ల ముందు రోజంతా నిలబడటం వంటపనిలా కనిపిస్తుంది; బీకర్ల ముందు నిలబడే అబ్బాయికి తాళపత్రాలు చదవడం సెలవునాటి కాలక్షేపంలా కనిపిస్తుంది. ఇద్దరిదీ పొరపాటే. అయితే ఆ పొరపాటుతోనే అంశం ఎంచుకొని, మూడో సంవత్సరంలో తల పట్టుకొని కూర్చున్నవారిని నేను చాలామందిని చూశాను కనుక, పీజీ పూర్తయి పరిశోధన వైపు చూస్తున్నవారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

"మేడం, ఏ టాపిక్ తీసుకోమంటారు?" అని అడిగేవారికి నేను టాపిక్ చెప్పను. ఒక శాస్త్రం దేన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటుందో, ఆ సాక్ష్యం చేతికి రావడానికి మనిషి రోజూ ఏ పని చేయవలసి వస్తుందో ముందు తెలుసుకోవాలి. ఆ పని నాలుగైదేళ్ళు విసుగు లేకుండా చేయగలరా అన్నది తేలాక టాపిక్ దానంతట అదే దగ్గరికి వస్తుంది.

మొదట ఒక నోటుపుస్తకం కొనుక్కొని, మీకు ఆసక్తి ఉన్న ఒక్కొక్క రంగానికి ఒక్కొక్క పేజీ కేటాయించండి. ప్రతి పేజీలోనూ నాలుగు ప్రశ్నలకు సమాధానం రాయాలి. ఈ రంగంలో ఒక మాట నిజమని ఒప్పించడానికి ఏమి చూపించాలి? అది ఎక్కడ ఉంటుంది? దాన్ని ముట్టుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? అది చేతికి వచ్చేసరికి ఎంతకాలం పడుతుంది? సిలబస్ చూసి ఈ సమాధానాలు రాయలేరు; అక్కడికి వెళ్ళి, పని చేసేవారి పక్కన కొన్ని గంటలు కూర్చోవాలి. తిరుపతివారికి ఈ విషయంలో ఉన్న సౌకర్యం చాలా పెద్ద నగరాలకు కూడా లేదు. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, వైద్య విద్యాసంస్థ స్విమ్స్, పశువైద్య విశ్వవిద్యాలయం, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం అన్నీ ఊళ్ళోనే ఉన్నాయి. 2015లో వచ్చిన ఐఐటీ, సైన్సు విద్యకూ పరిశోధనకూ పెట్టిన ఐసర్ రెండూ ఏర్పేడు వైపు ఉన్నాయి. వాతావరణాన్ని రాడార్‌తో చూసే జాతీయ ప్రయోగశాల గాదంకిలో ఉంది. సిటీ బస్సు, షేర్ ఆటో ఖర్చుతో ఇన్ని రకాల పరిశోధనను చూడగలిగే ఊళ్ళు మన రాష్ట్రంలో ఎక్కువ లేవు.

ఒకే వానతో అభ్యాసం

తరగతిలో మొదటి వారం నేను ఇచ్చే అభ్యాసం ఇది. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు మీ అందరికీ గుర్తుండే ఉంటాయి. అదే వారంలో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనన్న భయంతో దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు. ఆ ఒక్క సంఘటన మీద ఒక్కొక్క శాఖవారు అడిగే ప్రశ్న రాయమంటాను.

వాతావరణ శాస్త్రం చదివేవారు ఆ తేమ బంగాళాఖాతం నుంచి ఎంత ఎత్తులో వచ్చింది, శేషాచలం కొండలు దాన్ని ఎలా పైకి నెట్టాయి అని అడుగుతారు. వారి సాక్ష్యం అంకెల్లో ఉంటుంది. గాదంకిలోని ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేస్తుంది, అంటే దాని తరంగం పొడవు దాదాపు 5.7 మీటర్లు, వరసకు 32 చొప్పున 32 వరసల్లో, మొత్తం 1024 యాంటెన్నాలు పైకి పంపిన తరంగాలకు గాలిలోని సుడుల నుంచి తిరిగి వచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని పట్టి, ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తోందో లెక్కగడతారు. అయితే రాడార్ చుట్టూ తిరగడమే పని అనుకొని వెళ్ళినవారికి నిరాశ తప్పదు. స్కాలర్ రోజులో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందు, అసలు సంకేతాన్ని రొద నుంచి విడదీసే ప్రోగ్రాములు రాయడంలోనే గడుస్తుంది.

సివిల్ ఇంజినీరింగ్‌వారు కట్ట గట్టితనం, తూము, కలుజు (చెరువు నిండాక మిగులు నీరు పోయే దారి) నుంచి నీరు పోయే వేగం అడుగుతారు. సామాజిక శాస్త్రంవారు ఏ వీధిలో నీళ్ళు ఎన్ని రోజులు నిలిచాయి, ఇల్లు వదిలి పోగలిగిందెవరు, పోలేకపోయిందెవరు అని అడుగుతారు. వారి సాక్ష్యం ఇంటింటి సర్వే, ముఖాముఖి. ఇక్కడిదాకా విద్యార్థులు తేలికగానే రాస్తారు. చరిత్ర శాఖవారు ఏమి అడుగుతారో మాత్రం వారికి వెంటనే తట్టదు. నిజానికి అసలు రుచి అక్కడే ఉంది. విజయనగర కాలంలో తిరుమల ఆలయానికి దాతలు ఇచ్చిన సొమ్మును దేవస్థానం గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి ఖర్చు పెట్టి, దానివల్ల పెరిగిన పంటతో దాత పేరిట నైవేద్యాలు జరిపినట్టు తిరుమల శాసనాలు చెబుతాయి. అంటే ఒక చెరువు ఎందుకు పుట్టిందన్న ప్రశ్నకు సాక్ష్యం గుడి గోడ మీద ఉంది. అదే చెరువు కట్ట ఎందుకు కారిందన్న ప్రశ్నకు సాక్ష్యం కట్ట మట్టిలో ఉంది. ప్రశ్న మారగానే సాక్ష్యం ఊరు మారుతుంది, దానితో మీ నాలుగేళ్ళ దినచర్య కూడా మారుతుంది.

దగ్గరగా చూడవలసిన రెండు పనులు

కాళహస్తి తెగులు కథను నేను సైన్సువారికీ తెలుగువారికీ కూడా చెబుతాను. 1970ల మధ్యలో శ్రీకాళహస్తి ప్రాంతపు వేరుశనగ చేలల్లో, చేను మొత్తం కాకుండా అక్కడక్కడ గుంపులుగా మొక్కలు గిడసబారాయి. ఆకులు మాత్రం మామూలు కంటే ముదురు పచ్చగా ఉండటంతో, గట్టు మీద నిలబడి చూసేవారికి తెగులు ఉన్నట్టే తెలియదు. మొక్కను పెరికితే ఊడల మీద, కాయల మీద గోధుమ నలుపు రంగు మచ్చలు; కాయ చిన్నది, పైతొక్క నల్లబడింది, లోపలి గింజ చాలావరకు బాగానే ఉంది. మచ్చ చూడగానే బూజు అనుకోవడం సహజం. అసలు కారణం కంటికి కనిపించని నులిపురుగు. దాని పేరు టైలెంకోరింకస్ బ్రెవిలినియేటస్.

ఒక జీవి తెగులుకు కారణమని చెప్పాలంటే అది తెగులు ఉన్న మొక్కలో దొరికితే చాలదు. దాన్ని విడిగా తీసి, క్రిములు లేకుండా వేడిచేసిన మట్టి నింపిన కుండీల్లో కొన్నిటిలో మాత్రమే వదిలి, అన్నిటిలోనూ వేరుశనగ పెంచి, వదిలిన కుండీల్లోనే అదే మచ్చ తిరిగి రావాలి. ఆ మచ్చలోంచి అదే జీవిని మళ్ళీ తీసి చూపించాలి. ఏమీ వదలని కుండీలు ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం. వ్యవసాయ, జీవశాస్త్రాల పరిశోధన రంగు రంగు పరికరాల్లో ఉందని అనుకునేవారు ఈ ఖాళీ కుండీని ఒకసారి బాగా చూడాలి. మొదటి పంట చేతికి రావడానికే మూడున్నర నుంచి నాలుగు నెలలు పడుతుంది. ప్రయోగం తప్పితే మళ్ళీ అన్ని నెలలు. తెగులును తట్టుకొనే రకం తయారుచేయడమైతే తరాల పని, అది ఒక పీహెచ్‌డీలో ఒదగదు. తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి వంటి వేరుశనగ రకాలు మీ ఇంట్లో చట్నీ అయిపోయి ఉంటాయి గానీ, ఒక్కొక్కదాని వెనుక ఎన్ని సంవత్సరాల వరసలు, ఎన్ని తీసిపారేసిన మొక్కలు ఉంటాయో అక్కడి పొలంలో ఒక పూట నడిస్తే తెలుస్తుంది.

రెండో పని శాసనం నకలు తీయడం. రాయిని నీళ్ళతో, కుంచెతో కడిగి, తడిపిన కాగితాన్ని దాని మీద ముడతలు లేకుండా పరిచి, గట్టి కుచ్చు బ్రష్షుతో అక్షరాల గాడిలోకి దిగేదాకా కొట్టి, కాస్త ఆరాక సిరా అద్దిన దిండుతో పైపైన అద్దాలి. నేల నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది. గాలి వీస్తే కాగితం లేచిపోతుంది, ఎండ ముదిరితే అతుక్కోకముందే ఆరిపోతుంది. అందుకే ఇది తెల్లవారుజాము పని. సిరా ఎక్కువైతే గాడిలోకి దిగి అక్షరాన్నే మింగేస్తుంది. ఇంత కష్టపడి తెచ్చిన కాగితం మీద మూడో పంక్తి సగం చెక్కుపోయి ఉంటే, ఆ సగాన్ని ఊహించి నింపకుండా, ఎన్ని అక్షరాలు పోయాయో చుక్కలతో చూపించడం ఈ రంగంలో నిజాయితీకి గుర్తు. ఖాళీ కుండీకి, ఈ చుక్కలకు పెద్ద తేడా లేదని నా అభిప్రాయం.

చరిత్ర విద్యార్థులకు ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. తిరుమల శాసనాలలో అత్యధిక భాగం తమిళంలో, సంస్కృత పదాలు గ్రంథ లిపిలో (తమిళ ప్రాంతంలో సంస్కృతం రాయడానికి వాడిన లిపి) ఉంటాయి. తెలుగు, కన్నడ శాసనాలు కొద్ది. తిరుపతిలోనే పుట్టి పెరిగాం కదా, శాసనాలు మనవే కదా అని నమోదు చేసుకొని, రెండో ఏడాదిలో తమిళ అక్షరాలు దిద్దుకోవడం మొదలుపెట్టినవారు ఉన్నారు. దేవస్థానం ప్రచురించిన శాసన సంపుటాలు చేతికి తీసుకొని ఒక్క శాసనం మూలపాఠం చదివి చూడండి; చదవలేకపోతే ముందు ఆరు నెలలు లిపికే కేటాయించుకోండి.

పాఠభేదం ఒకరికి తప్పు, ఒకరికి సంపద

మానవీయ శాస్త్రాలన్నీ ఒకటేనని సైన్సువారు అనుకుంటారు. తాళపత్రాల పరిష్కర్తకు, జానపద విజ్ఞానంవారికి మధ్య ఉన్న దూరం చూపిస్తే ఆ భ్రమ పోతుంది. ఒకే కావ్యానికి పది తాళపత్ర ప్రతులు దొరికితే, పరిష్కర్త వాటిలోని తప్పులను వెతుకుతాడు. రెండు ప్రతుల్లో ఒప్పులు కలవడం గొప్ప కాదు, ఒకే వింత తప్పు రెండింటిలోనూ ఉంటే అవి రెండూ ఒకే పాత ప్రతి నుంచి నకలైనట్టు. అలా ప్రతుల వంశవృక్షం గీసి, వీలైనంత పాత పాఠం వైపు నడవడం అతని పని. జానపదంవారు సరిగ్గా దీనికి ఎదురు నడుస్తారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు వేషాలు వేసిన కథను ముగ్గురు మూడు రకాలుగా చెబితే, వాటిలో అసలుది ఏదని అడగకూడదు. ఎవరు, ఎవరి ముందు, ఎందుకు అలా చెప్పారన్నదే సాక్ష్యం.

ఈ పాఠం నాకు దెబ్బ తగిలితేనే వచ్చింది. స్కాలర్‌గా మొదటి జాతరలో బైరాగి వేషం నాటి నుంచి మాతంగి వేషం దాకా రోజూ వీధుల్లో తిరిగి పదకొండు క్యాసెట్లు నింపాను. చెప్పినవారి పేరు, వయసు, వీధి, చెప్పిన వేళ రాసుకోలేదు, అంతా గుర్తుంటుందనుకున్నాను. ఆరు నెలల తర్వాత వింటే, వెనుక డప్పుల మోతలో ఒక ముసలమ్మ గొంతు అద్భుతమైన కథ చెబుతోంది, ఆమె ఎవరో నాకు తెలియదు. పేరు లేని ఆ కథను థీసిస్‌లో వాడుకోలేక, మరుసటి మే నెల దాకా ఆగవలసి వచ్చింది. కాబట్టి రికార్డు చేసే ప్రతిసారీ ముందు తేదీ, స్థలం, మనిషి పేరు మీ గొంతుతోనే చెప్పి, వారి ఒప్పుదలను కూడా అందులోనే రికార్డు చేయించండి. వేషం వేసినవారు మొక్కు తీర్చుకుంటున్నారు, మీ కోసం నటించడం లేదు. ఫోను ముఖం ముందు పెట్టి ప్రశ్నలు గుప్పించకుండా, జాతర ముగిశాక ఇంటికి వెళ్ళి కూర్చొని మాట్లాడటం మర్యాద, ఎక్కువ ఫలితం కూడా.

గణితం గురించి రెండు మాటలే చెప్పగలను. అక్కడ సాక్ష్యం బయట ఎక్కడా ఉండదు, నిరూపణే సాక్ష్యం. అనుమతులు అక్కర్లేదు, ఖర్చు లేదు, ఎనిమిది నెలలు ఒక్క పంక్తి కూడా ముందుకు సాగకపోవడం మాత్రం మామూలే.

అనుమతులు ముందే అడగండి

నోటుపుస్తకంలోని మూడో ప్రశ్నను విద్యార్థులు తేలికగా తీసుకుంటారు. ఎర్రచందనం మీద పని చేయాలనుకునే వృక్షశాస్త్ర విద్యార్థి శేషాచలం అడవిలోంచి ఒక ఆకు తేవాలన్నా అటవీశాఖ లిఖితపూర్వక అనుమతి కావాలి. అది రావడానికి నెలలు పట్టవచ్చు. మనుషుల మీద, మందుల మీద జరిగే పరిశోధనలో ఇది ఇంకా కఠినం. సంస్థలోని నైతిక సంఘం ఆమోదం లేకుండా రోగి ఫైలు కూడా తెరవకూడదు. కొత్త చికిత్సను పోల్చి చూసే ప్రయోగమైతే, మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2018 ఏప్రిల్ నుంచి ఆ రిజిస్ట్రీ తర్వాత చేసే నమోదును ఒప్పుకోవడం లేదు. నాకు తెలిసిన ఒక డాక్టరు నలభై మంది రోగుల వివరాలు సేకరించాక ఈ నియమం తెలుసుకొని, ఆ సంవత్సరం పనంతా పక్కన పెట్టవలసి వచ్చింది. నియమం ఎందుకంటే, ఫలితం చూశాక ప్రశ్నను దానికి తగినట్టు మార్చుకొనే అవకాశం ఎవరికీ ఉండకూడదని.

పరాయి శాఖ థీసిస్ చదవడం ఎలా

గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధగంగలో దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. మీకు నచ్చిన మూడు రంగాల నుంచి ఒక్కొక్కటి తీసుకోండి, కానీ మొదటి పేజీ నుంచి చదవకండి. ప్రయోగశాస్త్రం థీసిస్‌లో పద్ధతుల అధ్యాయం, పట్టికలు ముందు చూడాలి. అదే పనిని మరొకరు మళ్ళీ చేయడానికి సరిపడా వివరం ఉందా అన్నదే అక్కడ కొలమానం. చరిత్ర, సాహిత్యం థీసిస్‌లో అధోజ్ఞాపికలు, ఆధార గ్రంథాల జాబితా ముందు చూడాలి. మూలాన్ని స్వయంగా చూశారా, మరొకరి పుస్తకంలోంచి ఎత్తి రాశారా అన్నది అక్కడే బయటపడుతుంది. సామాజిక శాస్త్రం థీసిస్ అయితే అనుబంధంలోని ప్రశ్నావళి చదవండి. "ప్రభుత్వ పథకాల వల్ల మీరు లాభం పొందారా, అవును లేక కాదు" అన్న ప్రశ్న కనిపిస్తే, ఆ థీసిస్ మూసి ఇంకొకటి తెరవడం మంచిది.

పేర్ల వరస చూసి కూడా మోసపోకండి. ప్రయోగశాలల వ్యాసాల్లో సాధారణంగా మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు ప్రయోగశాల నడిపేవారిది. గణితంలో పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి, వరసకు అర్థం లేదు. సాహిత్యంలో, చరిత్రలో చాలావరకు ఒక్కరే రాస్తారు, వ్యాసాల కంటే పుస్తకానికే ఎక్కువ విలువ. రసాయనశాస్త్రంలో నాలుగేళ్ళలో ఐదు వ్యాసాలు వేసిన మిత్రుణ్ణి చూసి, ఒక్క వ్యాసమే వేసిన శాసనాల స్కాలర్ కుంగిపోనవసరం లేదు.

చేరేముందు

సైన్సువారికి సీఎస్‌ఐఆర్ నెట్, మానవీయ, సామాజిక శాస్త్రాలవారికి యూజీసీ నెట్, ఇంజినీరింగ్‌వారికి గేట్ దారి. 2024 నుంచి నెట్ మార్కులతోనే పీహెచ్‌డీ ప్రవేశాలు ఇచ్చే వీలు కలిగింది. పీహెచ్‌డీకి మాత్రమే అర్హత పొందినవారికి ఆ మార్కులు ఒక్క సంవత్సరమే చెల్లుతాయి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఆ తర్వాత పొడిగింపు ఉంది, మహిళలకు, దివ్యాంగులకు అదనంగా మరో రెండేళ్ళు. ఒక సమయంలో ప్రొఫెసరు ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి గైడ్ చేయకూడదు కనుక, మీరు కోరుకున్న గైడ్ దగ్గర ఖాళీ ఉందో లేదో దరఖాస్తుకు ముందే కనుక్కోండి. గైడ్ గురించి గైడ్‌నే అడిగి లాభం లేదు. వారి దగ్గర పూర్తిచేసినవారి థీసిస్‌లు రెండు శోధగంగలో చూసి, ఇప్పుడు పనిచేస్తున్న స్కాలర్‌తో క్యాంటీన్‌లో టీ తాగుతూ, "మీరు నిన్న ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏమి చేశారు?" అని అడగండి. ఆ జవాబు విని మీకు ఆశ పుడితే సరే. ఆవలింత వస్తే ఇంకో పేజీ తిప్పండి.

చివరగా, చేరే నెలను సాక్ష్యం దొరికే కాలంతో సరిచూసుకోండి. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో. యాసంగి వేరుశనగ విత్తేది నవంబరు, డిసెంబరుల్లో. జాతర మే నెలలో. రాతి మీద నకలు తీయడానికి వానలు వెనక్కి తగ్గిన జనవరి, ఫిబ్రవరి ఉదయాలు అనుకూలం. జనవరిలో చేరిన వాతావరణం స్కాలర్‌కు తొమ్మిది నెలలు పాత డేటాతో చేయి తిప్పుకొనే వ్యవధి ఉంటుంది. జూన్‌లో చేరిన జానపదం స్కాలర్‌కు తొలి జాతర దాకా దాదాపు ఏడాది ఉంటుంది. కోర్స్‌వర్క్‌ను, అనుమతుల కాగితాలను ఆ వ్యవధిలోనే పూర్తిచేసేటట్టు సినాప్సిస్ (మీ పరిశోధన ప్రణాళిక) చివర ఒక పట్టిక వేసి, దాన్ని ఇంటర్వ్యూకు వెంట తీసుకెళ్ళండి.